సిరాచుక్క

మా కళాశాలలో తెలుగు శాఖకు కేటాయించిన గది చాలా చిన్నది. అందులో రెండు బల్లలు, మూడు కుర్చీలు, ఒక ఇనుప బీరువా పడతాయి. బీరువా నిండా పుస్తకాలే. బీరువా మీద కూడా పుస్తకాలే. ఉత్తరం వైపున ఉన్న ఒకే ఒక్క కిటికీ తెరిస్తే తిరుమల కొండలు ఎదురుగా నిలిచి పలకరిస్తాయి. ఉదయం వేళ నీలంగా, మిట్టమధ్యాహ్నం ఎర్రగా, వాన ముసిరినప్పుడు మబ్బులో మబ్బుగా కనిపించే ఆ కొండల్ని చూస్తూ నేను పాతికేళ్ళకు పైగా పద్యాలు చెప్పాను. ఆ గదిలోకి 2014వ సంవత్సరంలో ఒక చిన్న ఇంక్‌జెట్ ప్రింటరు వచ్చింది. దానికి చోటు కల్పించడానికి సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలను బల్లమీది నుంచి బీరువా మీదికి ఎక్కించవలసి వచ్చింది. ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేసినవాణ్ణి కావడం వల్ల కాబోలు, నిఘంటువును కదిలించి యంత్రాన్ని కూర్చోబెట్టడం నా మనస్సుకు రుచించలేదు. అయినా ఆ చిన్న యంత్రం నాకు నేర్పిన పాఠం పెద్దది. ఆ పాఠానికి నాకన్నా ఎక్కువ మూల్యం చెల్లించినవాడు నా విద్యార్థి. అందుకే ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది.

నేను పరిశోధన చేసే రోజుల్లో తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్ర గ్రంథాలు చూసేవాణ్ణి. 1939లో తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పిన సంస్థ అది. కట్ట విప్పగానే నిమ్మగడ్డి నూనె వాసన గది అంతా కమ్ముకొనేది. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం మొదట కంటికి ఆనదు. కాటుకో, దీపపు మసో పూసి తుడిచినప్పుడు గీతల్లో మిగిలిన నలుపు అక్షరంగా వెలుగుతుంది. ఒక గ్రంథానికి మరొక ప్రతి కావాలంటే ఒక మనిషి నెలల తరబడి వంగి కూర్చొని రాయవలసిందే. పందొమ్మిదో శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను కూర్చోబెట్టి, సొంత ధనం వెచ్చించి తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. ప్రతి తీయడం అన్నది అంత శ్రమతో, అంత ఖర్చుతో కూడిన పని.

మేము చదువుకొనే నాటికి సైక్లోస్టైలు యంత్రం వచ్చింది. మైనపు పూత పూసిన స్టెన్సిలు కాగితం మీద ఇనుప మొన కలంతో రాయాలి. తప్పు పడితే ఎర్రటి ద్రవం పూసి, ఆరేదాకా ఊదుతూ కూర్చోవాలి. పిడి తిప్పే అటెండరు చేతులు సాయంత్రానికి మోచేతుల దాకా నల్లబడేవి. ఆ తరువాత చుక్కలు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ యంత్రాలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలకు అవి సరిపోయాయి. మన తెలుగు లిపికి మాత్రం చాలినంత సన్నని మొన వాటికి లేదు. 'స్వాతంత్ర్యం' అనే మాటలో తకారం కింద రెండు ఒత్తులు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉండాలి. ఆ యంత్రం వాటిని కలిపి ఒక నల్లని ముద్ద చేసేది. వకారానికి, పకారానికి భేదం తెలియక చదువరి తికమకపడేవాడు. అటువంటి స్థితిలో ఒత్తులను, పొల్లులను, తలకట్లను విడివిడిగా, నిండుగా చూపించిన తొలి చవక యంత్రం ఇంక్‌జెట్ అన్న మాటను నేను ఒప్పుకొని తీరాలి.

ఈ యంత్రం పనిచేసే తీరు ఆశ్చర్యకరమైనది. కాగితం మీదుగా అటూ ఇటూ తిరిగే దాని ముక్కులో నాజిల్ అనే సూక్ష్మరంధ్రాలు వందల సంఖ్యలో ఉంటాయి. ఒక్కొక్క రంధ్రం నుంచి సిరా చుక్కలుగా వచ్చి కాగితం మీద పడుతుంది. ఆ చుక్కను పికోలీటర్లలో కొలుస్తారు. పికోలీటరు అంటే ఒక లీటరులో లక్ష కోట్లవ వంతు. నాలుగు పికోలీటర్ల చుక్క మన తలవెంట్రుక కంటే సన్నగా ఉంటుంది. ఆ చుక్కను బయటికి నెట్టడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది వేడి. 1977లో జపానులోని కేనన్ సంస్థ ప్రయోగశాలలో, సిరా నింపిన సిరంజి సూదికి పొరపాటున వేడి సాల్డరింగ్ ఐరన్ తగిలింది. వెంటనే సూది మొన నుంచి సిరా చిమ్మింది. ఆ పొరపాటును ఇచిరో ఎండో అనే పరిశోధకుడు విడిచిపెట్టలేదు. సిరాను ఒక్క క్షణంలో అతి స్వల్ప భాగం పాటు వేడిచేస్తే బుడగ పుడుతుందని, ఆ బుడగ చుక్కను నెడుతుందని గ్రహించాడు. దాదాపు అదే కాలంలో అమెరికాలోని హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ కూడా ఇదే సూత్రాన్ని విడిగా కనుగొన్నది. ఆ సంస్థ యంత్రం 1984లో, కేనన్ యంత్రం 1985లో అంగడికి వచ్చాయి. రెండవ మార్గంలో వేడి లేదు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. అదే స్ఫటికానికి విద్యుత్తును అందిస్తే అది తన ఆకారాన్ని ఇంచుక మార్చుకొంటుంది. ఆ చిన్న కదలికే సిరాను రంధ్రం నుంచి నెడుతుంది. మా గదికి వచ్చిన యంత్రం ఈ రెండవ జాతికి చెందినది.

అంతకు ముందు, 2006లో, మాకు ఒక చిన్న క్యార్ట్రిడ్జి ప్రింటరు ఉండేది. దాని ధర చూసి సంతోషించాం. సిరా క్యార్ట్రిడ్జి ధర చూసిన తరువాత ఆ సంతోషం నిలవలేదు. ఏనుగును కొనడం కాదు, మేపడం కష్టమని మన పెద్దలకు తెలుసు. యంత్రాన్ని చవకగా అమ్మి, లాభాన్ని సిరాలో రాబట్టుకోవడం ఆ వ్యాపారపు మర్మం. మా శాఖకు ఏడాదికి ఇచ్చే చిల్లర ఖర్చుల మొత్తం మూడు క్యార్ట్రిడ్జిలతో హరించుకుపోయేది. 2010లో ఎప్సన్ సంస్థ ఇండోనేషియాలో సిరా తొట్లున్న యంత్రాన్ని విడుదల చేసిన తరువాత ఈ లెక్క తలకిందులయింది. యంత్రం ధర పెరిగింది. సిరా ఖర్చు బాగా తగ్గింది. సీసాతో సిరా తెచ్చి తొట్టిలో పోసుకోవచ్చు. చిన్న కళాశాలలు, చిన్న దుకాణాలు, చిన్న కార్యాలయాలు అచ్చును ధైర్యంగా వాడుకోగలిగింది అప్పటి నుంచే.

అయితే యంత్రం చవకైనంత మాత్రాన దాని స్వభావం సులభమైపోదు. వేసవి సెలవుల్లో మా గది నలభై రోజులు మూతపడుతుంది. తిరుపతి వేసవి సంగతి మీకు చెప్పనక్కర లేదు. ఆ ఎండలకు రంధ్రాల్లోని సిరా ఆరి గడ్డకడుతుంది. జూన్‌లో తలుపు తీసి కాగితం పెడితే అక్షరాల మధ్య తెల్లని చారలు వస్తాయి. వాటిని పోగొట్టడానికి ముక్కు శుభ్రం చేయమని యంత్రాన్ని ఆజ్ఞాపించాలి. అది రంధ్రాల గుండా సిరాను పీల్చి లోపలి దూది మెత్తలోకి వదులుతుంది. అంటే కాగితం మీద ఒక్క అక్షరమైనా పడకుండానే సిరా ఖర్చవుతుంది. వారానికి ఒక పుట అచ్చువేస్తూ ఉంటే ఈ బాధ ఉండదు. ఇల్లు మూసి ఊరికి వెళ్ళేవాళ్ళు దేవుడి దగ్గర దీపం పెట్టమని పొరుగువాళ్ళకు చెప్పినట్లు, సెలవుల్లో వారానికి ఒక పుట తీయమని మా అటెండరుకు చెప్పి వెళ్ళడం నాకు ఆ తరువాత అలవాటయింది.

ఆ అలవాటు రాకముందు ఒక సంఘటన జరిగింది. ఒక యూనిట్ పరీక్షకు ప్రశ్నపత్రాన్ని హడావుడిగా అచ్చువేశాను. అక్కడక్కడ సన్నని తెల్ల చార కనిపించింది గానీ, చదవడానికి అడ్డులేదు గదా అని ఊరుకున్నాను. అందులో 'ఈ కింది పద్యానికి అర్థం రాయండి' అని ఒక ప్రశ్న ఉన్నది. 'అర్థం' అన్న మాటలో రకారం కింద థావత్తు ఉంటుంది. ఆ ఒత్తు కడుపులో ఒక చుక్క ఉంటుంది. చుక్క ఉంటే 'అర్థం'. చుక్క లేకపోతే 'అర్ధం'. మొదటిది భావం, రెండవది సగం. ఆ తెల్లచార సరిగ్గా ఆ చుక్క మీదుగా పోయింది. తరగతిలో చాలామంది అలవాటుగా భావమే రాశారు. ఒక విద్యార్థి మాత్రం పద్యంలోని మొదటి రెండు పాదాలను శుభ్రంగా ఎత్తిరాసి, గీత గీసి ముగించాడు. పిలిచి అడిగాను.

"అర్ధం రాయమన్నారు కదా సార్, సగమే రాసినాను" అన్నాడు.

ప్రశ్నపత్రాన్ని మళ్ళీ చూశాను. వాడు చదివింది నిజమే. శబ్దానికి అర్థం ప్రాణమని పదేపదే చెప్పే నేను, ఒక చుక్క సిరా పడలేదన్న సంగతిని లెక్కచేయలేదు. వాడికి పూర్తి మార్కులు వేశాను. స్టాఫ్ రూములో ఈ కథ చెప్పి అందరినీ నవ్వించాను. నవ్వుతో ఆ సంగతి తేలిపోయింది.

తరువాత గోడపత్రిక మొదలుపెట్టాం. విద్యార్థులు రాసిన కవితలను, వ్యాసాలను ఆ యంత్రం మీద అచ్చువేసి, మా గది బయట అట్టకు అంటించేవాళ్ళం. వెనుకటి తరంలో ఒక విద్యార్థి తన పేరును అచ్చులో చూసుకోవాలంటే పత్రికకు పంపి నెలల తరబడి టపాకోసం ఎదురుచూడాలి. ఇప్పుడు ఉదయం ఇస్తే మధ్యాహ్నానికి అచ్చు. ఒక అమ్మాయి తన ఊరి చెరువు మీద రాసిన కవితను అలా అచ్చువేశాం. ఆమె తండ్రి వ్యవసాయ కూలీ. ఫీజు కట్టడానికి వచ్చి, కూతురు చూపిస్తే గోడ దగ్గర నిలబడ్డాడు. ఆయనకు చదువు రాదు.

"ఇందులో మా పాప పేరు యాడుండాది సార్?" అని అడిగాడు.

అట్ట మీది నుంచి కాగితం తీసి, పేరును చూపించాను. ఆయన బొటనవేలితో ఆ పేరును మెల్లగా తడిమాడు. దూరం నుంచి ఎండలో వచ్చిన మనిషి. చేతికి చెమట ఉన్నది. పేరులోని చివరి అక్షరం అలుక్కుపోయింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కొని, "చెరిపేస్తినే" అని కలవరపడ్డాడు. ఒక్క నిమిషంలో మరొక కాగితం తీసి ఇచ్చి, "చూశారా, మళ్ళీ వచ్చేసింది" అన్నాను. ఆయన దాన్ని అంచులు పట్టుకొని, మడత పడకుండా తీసుకుపోయాడు. అచ్చు ఎంత సులభమైపోయిందో గదా అని నేను ఆ రోజు పొంగిపోయాను. ఆయన వేలికి అంటిన నలుపు నాకు చేసిన హెచ్చరికను మాత్రం వినలేదు.

ఆ మరుసటి సంవత్సరం కార్తీకమాసంలో నేను ఒక వారం ఇన్‌చార్జి ప్రిన్సిపాలుగా ఉన్నాను. ఇంటర్ పూర్తిచేసిన ఒక విద్యార్థి సాయంకాలం వేళ స్టడీ సర్టిఫికెట్టు కోసం వచ్చాడు. కొండ మీద ఒక చిన్న కార్యాలయంలో కంప్యూటరులో వివరాలు ఎక్కించే తాత్కాలికపు పని ఉన్నదట. మరునాడు సాయంత్రం ఐదు గంటలలోగా కాగితాలు ఇవ్వాలట. తండ్రి లేని పిల్లవాడు. తల్లి పూలు కట్టి అమ్ముతుంది. ఆ పని దొరికితే ఇల్లు గడుస్తుందని, చదువు సాయంత్రపు వేళల్లో కొనసాగించుకొంటానని చెప్పాడు. కార్యాలయంలోని లేజర్ ప్రింటరు ఆ రోజు మొరాయించింది. "దానికేముంది, మా శాఖలో తీసి ఇస్తాను" అన్నాను. సర్టిఫికెట్టును మా చిన్న యంత్రం మీద అచ్చువేసి, బాల్‌పెన్‌తో సంతకం చేసి, ముద్ర వేసి చేతికిచ్చాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

పని దొరికితే నడిచి వస్తానని కాదు, నడిచి వచ్చి అడుగుతానని వాళ్ళమ్మ మొక్కుకొన్నదట. అందువల్ల ఆ పిల్లవాడు బస్సెక్కకుండా మరునాడు అలిపిరి నుంచి మెట్లెక్కాడు. సుమారు మూడువేల ఐదువందల యాభై మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. గాలిగోపురం దాటేదాకా ఎండే. మోకాళ్ళ మెట్టు చేరేసరికి కొండల్ని కమ్ముకొని వాన దిగింది. కప్పు ఉన్నచోట ఆగి ఉంటే తడిసేవాడు కాదు. వేళ మించిపోతుందని ఆగలేదు. భుజానికి గుడ్డసంచి, సంచిలో అట్టల మధ్య సర్టిఫికెట్టు.

మరునాడు ఉదయం నేను గది తలుపు తీసేసరికి వరండాలో నిలబడి ఉన్నాడు. ఏమీ చెప్పకుండా కాగితం చేతికిచ్చాడు. అక్షరాలున్న చోటంతా నల్లగా, ఊదాగా, చిన్న పిల్లలు రంగునీళ్ళు ఒలకబోసినట్లు మరకలు పడి ఉన్నది. పేరు లేదు, తండ్రి పేరు లేదు, చదివిన సంవత్సరాలు లేవు. గుండ్రని ముద్ర నీలిమరకగా మారింది. పుట అడుగున నా సంతకం ఒక్కటే చెక్కుచెదరకుండా ఉన్నది. ఏ మాటకు నేను సాక్షిగా సంతకం చేశానో ఆ మాటలన్నీ పోయి, సాక్షి మిగిలాడు.

"వాళ్ళదేం తప్పులేదు సార్. చదవడానికి లేనిదాన్ని ఎట్లా తీసుకుంటారు? ఇంకొకటి తెచ్చుకోమన్నారు. కిందికి దిగి మళ్ళీ ఎక్కేసరికి టైము అయిపోతుందని రాలేదు" అన్నాడు.

మరొక ప్రతి తీయడానికి నాకు ఒక్క నిమిషం చాలు. కూలీ తండ్రి ముందు నేను మురిసిపోయిన నిమిషం అదే. కానీ ఆ నిమిషం కొండ కింద ఉన్నది. గడువు కొండ మీద ముగిసింది. ఆ పని మరొకరికి దక్కింది. ఆ ఏడాది అతడు తల్లితో పాటు పూలబుట్ట మోశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ తరువాతనే నేను సిరాను గురించి చదవడం మొదలుపెట్టాను. తెలుసుకొన్నది ఇది. ఇంక్‌జెట్ సిరాలు ప్రధానంగా రెండు రకాలు. డై సిరాలో రంగు నీటిలో చక్కెర కరిగినట్లు కరిగి ఉంటుంది. కాగితం మీద ఆరిన తరువాత కూడా తడి తగిలితే అది మళ్ళీ కరిగి ప్రవహిస్తుంది. పిగ్మెంట్ సిరాలో రంగు కరగదు. అతి సన్నని పొడిగా నీటిలో తేలుతూ ఉంటుంది. నీరు ఆరిపోయాక ఆ పొడి కాగితపు పీచులను పట్టుకొని నిలుస్తుంది. తడికి, వెలుతురుకు అంత సులభంగా లొంగదు. ఇక లేజర్ యంత్రంలో అసలు నీరే లేదు. ప్లాస్టిక్ కలిసిన పొడిని వేడితో కాగితం మీద కరిగించి అతికిస్తారు. చిన్న యంత్రాల్లో కొన్ని నల్లరంగుకు మాత్రం పిగ్మెంట్ సిరా వాడతాయి. కొన్నింటిలో నలుపు కూడా డై సిరాయే. మా గదిలోనిది ఈ చివరి రకం. యంత్రంతో పాటు వచ్చిన పుస్తకాన్ని నేను విప్పి చూసి ఉంటే నాకు ఈ సంగతి మొదటి రోజే తెలిసేది.

ఇంకొక విషయం నన్ను మరింత సిగ్గుపడేలా చేసింది. పిగ్మెంట్ నల్లసిరాలో ఉండేది కర్బనపు పొడి, అంటే మసి. తెలుగులో మసి అంటే పొగచూరు. సంస్కృతంలో మసి, మషి అంటే సిరా. దీపపు మసిని జిగురునీటితో నూరి మన పూర్వులు సిరా చేసుకొన్నారు. తాటాకు గీతల్లో వందల ఏళ్ళుగా నిలిచినదీ ఆ మసే. ఏ నలుపు నిలుస్తుందో, ఏది కరుగుతుందో తాటాకు మీద రాసిన లేఖకుడికి తెలుసు. ఆ తాటాకుల మీద పరిశోధన చేసి పట్టం పుచ్చుకొన్న నాకు తెలియదు.

మాకు దగ్గరలోనే శ్రీకాళహస్తి ఉన్నది. అక్కడి కలంకారీ కళాకారులు బొమ్మ గీయడానికి ముందే గుడ్డను కరక్కాయ రసం కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి ఊరవేసి నల్లరంగు తీస్తారు. ఆ ద్రవం కరక్కాయలోని వగరును కలుసుకోగానే నల్లబడి, నూలును గట్టిగా పట్టుకొంటుంది. ఆ గుడ్డను స్వర్ణముఖి పారే నీటిలో ఉతికినా గీత చెదరదు. ఏరు కడిగినా పోని నలుపు వాళ్ళది. ఒక్క వానకు పోయిన నలుపు నాది. వాళ్ళ కలం వెదురుపుల్లకు గుడ్డ చుట్టినది. నాది విద్యుత్తుతో కదిలే స్ఫటికం. తేడా పనిముట్టులో లేదు. వాళ్ళు రాసే తలాన్ని, రాసే రంగును తెలుసుకొని గీశారు. నేను తెలుసుకోలేదు.

ఆ శీతకాలంలోనే ఒకనాడు కొండకు వెళ్ళాను. శ్రీవారి ఆలయంలో హుండీకి సమీపంలో సంకీర్తన భాండాగారం అనే చిన్న రాతిగది ఉన్నది. ప్రవేశానికి ఇరువైపులా తాళ్ళపాక అన్నమయ్య, ఆయన కుమారుడు పెద తిరుమలయ్య శిల్పాలు చెక్కి ఉన్నాయి. అన్నమయ్య ముప్పది రెండువేల సంకీర్తనలు రచించాడని ఆయన మనుమడు చిన్నన్న తన ద్విపద కావ్యంలో చెప్పాడు. 1503లో అన్నమయ్య పరమపదించాడు. తండ్రి పాటలను, తన పాటలను పెద తిరుమలయ్య రాగిరేకుల మీద చెక్కించి ఆ గదిలో భద్రపరిచాడు. తాటాకు అందుబాటులో ఉండగా, అంత ఖర్చుకు, అంత శ్రమకు ఓర్చి రాగిని ఎన్నుకొన్నాడు. ఏ మాట నిలవాలో ఆయన ముందే నిర్ణయించుకొన్నాడు.

అయితే రాగి ఒక్కటే చాలలేదు. ఎన్నో తరాల పాటు ఆ రేకులు చదివేవాళ్ళు లేక చీకటిలో ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు ఆ రేకులను పరిశీలించి, ప్రతులు రాసి, పరిష్కరించి, అచ్చుకు ఎక్కించిన తరువాతనే పన్నెండు వేలకు పైగా సంకీర్తనలు లోకానికి దక్కాయి. రాగి అక్షరాన్ని కాపాడింది. కాగితం దాన్ని ఇంటింటికీ చేర్చింది. ఆ గది ముందు నిలబడ్డప్పుడు నాకు మా గదిలోని చిన్న యంత్రం మీద కోపం పోయింది. కూలీ తండ్రి చేతికి కూతురి పేరును ఒక్క పూటలో అందించగలిగింది అదే. రాగిరేకు చేయలేని పని అది. నా తప్పు చవక యంత్రాన్ని వాడడంలో లేదు. చదివి వదిలేసే కాగితానికీ, ఒక మనిషి బతుకును మోసుకొనిపోయే కాగితానికీ ఒకే సిరా వాడడంలో ఉన్నది.

తిరిగి వచ్చి ప్రింటరు మీది గోడకు ఒక కాగితం అంటించాను. చేత్తోనే రాశాను. 'గోడపత్రిక, అభ్యాస ప్రశ్నలు, ఆహ్వానాలు ఈ యంత్రం మీద. సర్టిఫికెట్లు, మార్కుల పత్రాలు, సంతకం పడే ప్రతి కాగితం లేజర్ యంత్రం మీద. అచ్చు తీసిన ప్రతి పుటను ఒక్కసారి పూర్తిగా చదవాలి.' ఈ చివరి వాక్యం 'అర్ధం' రాసిన విద్యార్థికి నేను తీర్చుకొన్న బాకీ. ఇది గొప్ప సంస్కరణ ఏమీ కాదు. ఒక చిన్న గదిలో ఒక చిన్న నియమం. కానీ చిన్న కార్యాలయాల నుంచి బయలుదేరే కాగితాల మీదనే చాలామంది బతుకులు ఆధారపడి ఉంటాయి. రేషను కార్డు దరఖాస్తు, ఆసుపత్రి చీటీ, ఉపకారవేతనపు పత్రం, పొలం పాసుపుస్తకం నకలు, ఇవేవీ మహాగ్రంథాలు కావు. వాటిలో ఒక అక్షరం చెదిరితే నష్టపోయేది మాత్రం నిజమైన మనిషి.

విద్యార్థులారా, రేపు మీలో కొందరు ఇటువంటి గదుల్లో, ఇటువంటి యంత్రాల ముందు కూర్చొంటారు. కొందరి బల్ల మీద నేటి యంత్రం కంటే ఇంకా చవకైనది, ఇంకా చిన్నది ఉండవచ్చు. దాని మీట నొక్కే ముందు ఈ కాగితం ఎవరి చేతికి వెళుతుంది, ఎంత దూరం వెళుతుంది, దారిలో వాన ఉన్నదా అని ఒక్క క్షణం ఆలోచించండి.

ఒక సంవత్సరం గడిచిన తరువాత ఆ పిల్లవాడు డిగ్రీలో చేరడానికి మళ్ళీ స్టడీ సర్టిఫికెట్టు కోసం వచ్చాడు. లేజర్ యంత్రం మీద తీసి, సంతకం చేసి ఇచ్చాను. అతడు రెండు చేతులా అందుకొన్నాడు. వెళ్ళిపోతాడనుకొన్నాను, వెళ్ళలేదు. కిటికీలోని మంచినీళ్ళ గ్లాసులో చూపుడువేలు ముంచి, తన పేరు చివరి అక్షరం మీద మెల్లగా ఒత్తి, ఎత్తి చూశాడు.

"చెరగలేదు సార్" అన్నాడు.